గొంతు జబ్బులు – రోబో ఆపరేషన్ – మన బాధ్యత

(సంఘం వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠం)



మొదట ఒక మనవి. మేము ఇరవై ఏళ్లుగా ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెబుతున్నాము. ఇంట్లో ఉర్దూ, బడిలో ఉర్దూ. తెలుగు మాత్రం బజారులో, బస్సులో, ఇరుగుపొరుగు వారి దగ్గర నేర్చుకున్నది. అయినా ఈ ప్రసంగం తెలుగులోనే ఉండాలని కార్యదర్శిగారు పట్టుబట్టినారు. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగు చదువుతారు గాని ఉర్దూ అక్షరం పట్టలేరు, సంచికలో అచ్చయితే ఇంటిల్లిపాదీ చదువుకోవాలి గదా అన్నారు. వారి మాట కాదనలేక ఒప్పుకున్నాము. తప్పులుంటే పెద్ద మనసుతో సర్దుకోవలసినదిగా కోరుతున్నాము.

ఇక విషయానికి వస్తాము. పోయిన సంవత్సరం సభలో ఒక పెద్దమనిషి లేచి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగినారు. “మాస్టర్ సాబ్, ఇప్పుడు ఆసుపత్రిలో మిషనే గొంతు ఆపరేషన్ చేస్తదట గదా! డాక్టర్ పక్క రూములో చాయ్ తాగుతా కూసుంటడట. నిజమేనా?” అని. సభలో అందరూ నవ్వినారు. మాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అదే ప్రశ్న అంతకు ముందే మా ఇంట్లో వచ్చింది. అప్పుడు మేము జవాబు వెతుక్కుంటూ ఆసుపత్రి వరండాలలో తిరిగినాము. మేము డాక్టర్లము కాము. డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న నాలుగు మాటలు, మా ఇంటి అనుభవం కలిపి మీ ముందు పెడుతున్నాము.

రోబో అనే మాట ఎక్కడిది? చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920లో వ్రాసిన ఒక నాటకంలో ఈ మాట మొదట వచ్చింది. వారి భాషలో ‘రోబొత’ అంటే బలవంతపు పని. మన తెలంగాణ పెద్దలకు అర్థమయ్యేలా చెప్పాలంటే వెట్టి చాకిరి. వెట్టి చేసేవాడు తన ఇష్టంతో చేయడు, చెప్పింది చేస్తాడు. ఆసుపత్రి రోబో కూడా అటువంటిదే. తనంతట తాను ఒక్క కోత కూడా కోయదు.

ఆపరేషన్ గదిలో జరిగేది ఇది. రోగికి మత్తు ఇచ్చి బల్ల మీద పడుకోబెడతారు. ఆయన మీదికి వంగి యంత్రం చేతులు ఉంటాయి. ఒక చేతికి కెమెరా, మిగిలిన చేతులకు సన్నని కత్తెర, పటకారు, రక్తం కారకుండా మాడ్చే పనిముట్టు. అదే గదిలో కొన్ని అడుగుల దూరంలో సర్జన్ ఒక పెట్టె వంటి దాని ముందు కూర్చుంటారు. తల వంచి అందులోకి చూస్తే లోపలి భాగం పది రెట్ల వరకు పెద్దదిగా, లోతు తెలిసేటట్లు కనబడుతుంది. ఆయన వేళ్లు కదిలినట్లే అక్కడ పనిముట్లు కదులుతాయి. చేయి వణికితే ఆ వణుకును యంత్రం వడకట్టి తీసేస్తుంది. ఆయన చేయి అంగుళం కదిలిస్తే లోపల అందులో కొద్ది వంతు మాత్రమే కదిలేటట్లు అమర్చుకోవచ్చును. పనిముట్టు కొన మన మణికట్టు కంటే ఎక్కువగా తిరుగుతుంది. రోగి తల దగ్గర ఇంకొక డాక్టరు కూర్చొని రక్తం, పొగ పీల్చివేస్తూ ఉంటారు. కాబట్టి చాయ్ తాగే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

ఒక లోటు కూడా ఉన్నది. చాలా యంత్రాలలో సర్జన్ చేతికి తాకిడి తెలియదు. గడ్డ గట్టిగా ఉన్నదా, మెత్తగా ఉన్నదా అనేది కంటితోనే అంచనా కట్టాలి. కావున యంత్రం ఎంత మంచిదైనా దాని వెనుక ఉన్న మనిషి అనుభవమే ముఖ్యం.

ఈ యంత్రాల చరిత్ర పెద్దది కాదు. 1985లో అమెరికాలో ఒక కర్మాగారపు యంత్రం చేయిని మెదడులోకి సూది సరిగ్గా పంపడానికి వాడినారు. ‘డావిన్సీ’ అనే యంత్రానికి అక్కడి ప్రభుత్వం 2000లో అనుమతి ఇచ్చింది. 2001 సెప్టెంబరులో న్యూయార్కులో కూర్చున్న ఫ్రెంచి సర్జన్ జాక్ మారెస్కో, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఉన్న ఒక స్త్రీకి పిత్తాశయం ఆపరేషన్ చేసినారు. నోటి ద్వారా గొంతు ఆపరేషన్ చేసే పద్ధతిని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం డాక్టర్లు వైన్‌స్టీన్, ఓమాలీ తయారు చేసినారు. దానికి 2009 డిసెంబరులో అనుమతి వచ్చింది. మన హైదరాబాదులో పెద్ద ప్రైవేటు ఆసుపత్రులకు రోబోలు వచ్చి పదేళ్లు దాటింది. పంజాగుట్ట నిమ్స్‌లో 2023లో ప్రారంభమైనది. 2022 నుండి మన దేశంలో తయారైన ‘మంత్ర’ అనే రోబో కూడా ఆసుపత్రులలో పని చేస్తున్నది.

గొంతుకు రోబో ఎందుకు అవసరమైనదో తెలియాలంటే పిల్లలు ఒకసారి అద్దం ముందు నోరు తెరిచి చూసుకోవాలి. కొండనాలుక కనబడుతుంది, అటూ ఇటూ టాన్సిల్స్ కనబడతాయి. ఆ వెనుక నాలుక మొదలు ఉన్నది. అది కిందికి వంపు తిరిగి స్వరపేటిక దాకా పోతుంది. అక్కడికి చూపు తిన్నగా పోదు, చేయి పట్టదు. అక్కడ గడ్డ పుడితే పూర్వం సర్జన్లు పెదవి కోసి, కింది దవడ ఎముకను మధ్యకు చీల్చి, పుస్తకం తెరిచినట్లు తెరిచి లోపలికి పోవలసి వచ్చేది. తరువాత ఎముకకు ప్లేట్లు బిగించాలి. ముఖం మీద మచ్చ, నెలల తరబడి మింగలేని బాధ. ఇప్పుడు నోరు తెరిచి ఉంచే ఒక చట్రం బిగించి, నోటిలోంచే కెమెరాను, రెండు పనిముట్లను పంపి గడ్డను తీయవచ్చును. దవడ కోయనక్కరలేదు. ఇది నిజంగా గొప్ప మేలు.

కాని ఈ మేలు అందరికీ అందేది కాదు. 2009లో ఇచ్చిన అనుమతి కూడా మొదటి, రెండవ దశలో ఉన్న చిన్న గడ్డలకే. గడ్డ పెరిగి లోతుకు పోయినా, ఎముకను, పెద్ద రక్తనాళాన్ని పట్టుకున్నా యంత్రం చేయగలిగింది లేదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. మా ఇంటి కథ దీని మీదనే నడిచింది, తరువాత చెబుతాము.

ముక్కు సంగతి వేరు. ముక్కు దారి ఇరుకు, ఈ యంత్రం పనిముట్లు దానికి లావు. కాబట్టి సైనస్ ఆపరేషన్లు సన్నని ఎండోస్కోపు గొట్టంతోనే చేస్తున్నారు. చెవి ఇంకా సున్నితం. చెవి వెనుక ఎముకలో ముఖాన్ని కదిలించే నరం పోతుంది, దానికి దెబ్బ తగిలితే మూతి వంకర పోతుంది. 2016లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో, వినికిడి యంత్రాన్ని లోపలి చెవిలో అమర్చడానికి ఎముకలో సన్నని దారిని రోబోతో తొలిచినారు. అది ఇంకా కొద్దిచోట్ల మాత్రమే జరిగే పని. మామూలు చెవి ఆపరేషన్లు మైక్రోస్కోపు కింద డాక్టరు చేతితోనే జరుగుతాయి, చక్కగా జరుగుతాయి.

మెడలో థైరాయిడ్ గడ్డను చంక దగ్గర కోసి, అక్కడి నుండి రోబోతో తీసే పద్ధతి కొరియా డాక్టర్లు 2007 ప్రాంతంలో మొదలుపెట్టినారు. మెడ మీద మచ్చ పడదు. పెళ్లి కావలసిన ఆడపిల్లల తల్లిదండ్రులు దీనికోసం అప్పు చేయడానికి కూడా సిద్ధపడుతున్నారు. వారిని తప్పు పట్టము. అయితే మామూలు ఆపరేషన్ మచ్చ కూడా మెడ ముడతలో కలిసిపోయేటట్లు కుడతారు. మచ్చ కోసం అప్పు చేసే ముందు, మచ్చ ఉన్న పిల్లను వద్దనే సంబంధం మనకెందుకని కూడా ఆలోచించాలి.

పనిముట్ల విషయంలో మన పూర్వులు వెనుకబడిన వారు కారు. వెయ్యేళ్ల కింద అందలూసియాలోని కార్డోవా నగరం దగ్గర అబుల్ ఖాసిం అల్ జహ్రావీ అనే వైద్యుడు ఉండేవారు. ‘అత్తస్రీఫ్’ అనే 30 భాగాల గ్రంథం వ్రాసినారు. దాని చివరి భాగంలో సుమారు 200 శస్త్ర పరికరాల బొమ్మలు వేసినారు. నాలుకను అణచిపట్టే రేకు, టాన్సిల్‌ను కొక్కెంతో లాగి కత్తిరించే పనిముట్టు అందులో ఉన్నాయి. మన దేశంలో సుశ్రుతుడు తెగిన ముక్కుకు చర్మం తెచ్చి అతికే విద్య అంతకంటే చాలా ముందే వ్రాసి పెట్టినాడు. వారందరి ప్రయత్నం ఒక్కటే, చేయి పోని చోటుకు చేయి పంపడం. నేటి రోబో ఆ వరుసలోనిదే.

మన నగరం కథ కూడా వినదగినది. 1846లో ప్రారంభమైన హైదరాబాదు వైద్య పాఠశాలలో తొలి ఏళ్లలో ఉర్దూలోనే పాఠాలు చెప్పినారు. 1888, 1889 సంవత్సరాలలో ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా ఖర్చు పెట్టి, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫారం మత్తుమందు మీద ఇక్కడే పరిశోధనలు చేయించినారు. రోగి ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, క్లోరోఫారం క్షేమమే అని ఆ కమిషన్ తేల్చింది. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరి గమనించాలనే మాట మంచిదే. కాని క్లోరోఫారం గుండెను కూడా ఆపగలదని తరువాత బయటపడింది. కొత్తదాన్ని చూసి పారిపోవడమూ తప్పే, గుడ్డిగా నమ్మడమూ తప్పే అని మా విద్యార్థులకు ఈ కథ చెబుతుంటాము.

ఇక మా ఇంటి సంగతి. మా ఆపా భర్తను మేము దూల్హాభాయ్ అంటాము. నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పని చేసిన మనిషి. నమ్మకస్థుడు. ఉన్న అలవాటు ఒక్కటే, జర్దా పాన్. పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు ఒకటి, తిన్నాక ఒకటి, రాత్రి ఒకటి. 2021 వానాకాలంలో ఆయనకు ఎడమ చెవి నొప్పి మొదలైంది. ఆపా నువ్వుల నూనెలో వెల్లుల్లి వేసి కాచి చెవిలో పోసింది. రెండు రోజులు తగ్గినట్లు అనిపించింది, మళ్లీ వచ్చింది. మందుల దుకాణంలో చుక్కల మందు తెచ్చినాము. గల్లీలో ఉన్న వైద్యుడు మూడుసార్లు గోలీలు మార్చినాడు. దవడ పన్ను వల్లేమో అని ఒకరంటే పన్ను కూడా పీకించినాము. చెవిలో దీపం వేసి చూసిన వాళ్లంతా “చెవి బాగానే ఉన్నది” అన్నారు. చెవి బాగుంటే నొప్పి ఎందుకు వస్తున్నది అని ఒక్కరమూ అడగలేదు.

దసరా సెలవులు పోయినాయి. ఆయన మాట మారింది, నోట్లో వేడి అన్నం పెట్టుకొని మాట్లాడినట్లు. రొట్టె మానేసి ఖిచిడీ పెట్టమనేవారు. ఎడమ దవడ కింద ఒక బిళ్ల లేచింది. జలుబుకు బిళ్ల కట్టిందిలే అనుకున్నాము. చదువుకున్న వాళ్లము, పది మంది పిల్లలకు ఆరోగ్య పాఠం చెప్పేవాళ్లము, మేమే ఆయనతో “ఏం గాదు దూల్హాభాయ్, చలికాలం పోతే అదే తగ్గుతుంది” అన్నాము. ఈ మాట ఇప్పటికీ మా చెవిలో వినబడుతుంది.

ఏడు నెలల తరువాత, 2022లో, కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రికి తీసుకొని పోయినాము. అక్కడి డాక్టరమ్మ చెవి చూసింది, తరువాత నోరు తెరిపించి వేలితో నాలుక మొదలును తాకి చూసింది. ముక్కులోంచి సన్నని గొట్టం వేసి చూసింది. మమ్మల్ని బయటికి పిలిచి మెల్లగా చెప్పింది: “జబ్బు చెవిలో లేదు సార్. నాలుక మొదట్లో ఉన్నది.” గొంతుకు, చెవికి కబురు మోసే నరాలు కొన్ని ఒకటే. ఒకే లైను మీద రెండు ఇండ్లకు ఫోన్లు ఉంటే ఒక ఇంటికి వచ్చిన ఫోను రెండో ఇంట్లో మోగినట్లు, గొంతులో పుట్టిన నొప్పి చెవిలో వినబడుతుంది. ముక్క పరీక్ష చేసినారు. క్యాన్సర్ అని తేలింది.

అప్పుడు మా మేనల్లుడు సెల్‌ఫోనులో రోబో ఆపరేషన్ చూపించినాడు. “మామూజాన్, కోత లేదు, నొప్పి లేదు, నాలుగు రోజుల్లో ఇంటికి వస్తరు” అన్నాడు. ఇంట్లో అందరికీ ప్రాణం లేచి వచ్చింది. బోడుప్పల్ దగ్గర ఆపా పేరున ఉన్న చిన్న ప్లాటు అమ్మాలని రాత్రికి రాత్రి నిర్ణయమైపోయింది. ఆపా కాగితాలు తీసి దస్తీలో కట్టి పెట్టింది. దూల్హాభాయ్ ఒక్కరే అడిగినారు, “మిషన్ చేస్తదా, మనిషి చేస్తడా?” అని. ముప్పై ఏళ్లు మిషన్ నడిపిన వారు గదా. మిషన్ సంగతి ఆయనకు తెలుసు.

కాగితాలు పట్టుకొని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో సర్జన్‌ను కలిసినాము. ఆయన స్కానింగు ఫిలిములు దీపం మీద పెట్టి చాలాసేపు చూసినారు. మాతో నిజం చెప్పినారు, ఆయనకు మేము రుణపడి ఉన్నాము. “ఆరు నెలల కింద ఇది చిన్నదిగా ఉన్నప్పుడు వచ్చి ఉంటే రోబోతో తీసే ప్రయత్నం చేసేవాణ్ణి. ఇప్పుడు నాలుక కండలోకి లోతుగా పోయింది, మెడలో గడ్డలు కట్టినాయి. ప్లాటు అమ్మకండి” అన్నారు. ఆపా ఆ దస్తీ మూటను ఒడిలో పెట్టుకొని అలాగే కూర్చుండిపోయింది.

తరువాత రేడియేషన్, జనం ‘కరెంటు పెట్టడం’ అంటారే, అది 35 రోజుల లెక్కన ఏడు వారాలు, దానితో పాటు మందు సెలైన్లు. నోరంతా పూసింది. గొట్టం ద్వారా పాలు, జావ. అన్నీ ఓర్చుకున్నారు. కొన్ని నెలలు బాగున్నారు, మనుమడి అకీకాకు దగ్గరుండి అన్నీ చూసినారు. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. 2023 చివర్లో పోయినారు. పోయే ముందు ఒకనాడు కాగితం మీద వ్రాసి మాకు చూపినారు: “చెవి నొచ్చింది, చెవికే నూనె పోసినాము.”

సోదరులారా, మా తప్పును ఇంత మంది ముందు చెప్పుకోవడం సులభం కాదు. ఇంకొక ఇంట్లో ఇది జరగకూడదని చెబుతున్నాము. ఈ గుర్తులు ఇంట్లో గోడ మీద వ్రాసి పెట్టుకోండి.

గొంతు బొంగురు పోయి మూడు వారాలు దాటినా తగ్గకపోతే. నోట్లో పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ రెండు మూడు వారాలలో మానకపోతే. చెవి బాగుండి కూడా ఒక పక్క చెవి నొప్పి వదలకపోతే. మింగేటప్పుడు అడ్డం తగిలితే. మెడలో గడ్డ తేలితే. ఉమ్మిలో గాని, ఒక పక్క ముక్కులో గాని రక్తం పడితే, ఆ వారంలోనే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కాదని తెలుసుకోవడానికే పోవాలి. నిద్రలో పెద్ద గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడే వారు కూడా చూపించుకోవాలి. నాలుక మొదలు లావైనందువల్ల గురక వచ్చే కొందరికి రోబో ఆపరేషన్ ఉన్నది గాని, మొదట బరువు తగ్గించడం, రాత్రి మాస్కు ద్వారా గాలి ఇచ్చే మిషను, ఇవి చూస్తారు.

పిల్లల విషయం ఒకటి చెప్పి తీరాలి. మా తరగతిలో ఒక పిల్లవాడు వెనుక బెంచీలో కూర్చొని పిలిస్తే పలికేవాడు కాదు. మొద్దు అనుకున్నాము, రెండుసార్లు బెంచీ ఎక్కించినాము. ఒకనాడు వాని మెడ మీద చెవి నుండి చీము కారడం చూసినాము. రెండు చెవులలో పొరలకు చిల్లులు ఉన్నాయట. ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఒకదాని తరువాత ఒకటి పొరకు అతుకు వేసినారు. రోబో లేదు, పెద్ద ఖర్చు లేదు. ఇప్పుడు వాడు ముందు బెంచీలో కూర్చొని మా లెక్కలలో తప్పులు పడుతున్నాడు. పిల్లల వినికిడి పరీక్షకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. ఆ పేరు గల పెద్దమనిషి మన హైదరాబాదు వారే, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పని చేసినవారు.

డాక్టరు రోబో ఆపరేషన్ చేయించుకోమంటే భయపడనక్కరలేదు, వెంటనే తల ఊపనూ అక్కరలేదు. గౌరవంగా ఐదు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ జబ్బుకు రోబో వల్ల ప్రత్యేకంగా వచ్చే మేలు ఏమిటి? బుగ్గలో గడ్డ వంటివి చేతికి అందే చోటనే ఉంటాయి, వాటికి యంత్రం అవసరం ఉండకపోవచ్చు. రెండు, లేజర్, మామూలు ఆపరేషన్, రేడియేషన్, వీటితో ఫలితం ఎట్లా ఉంటుంది? మూడు, మీరు ఇటువంటివి ఎన్ని చేసినారు? నాలుగు, అన్నీ కలిపి ఖర్చు ఎంత? యంత్రం కోట్ల రూపాయలది, దాని పనిముట్లు కూడా లెక్క ప్రకారం కొన్నిసార్లు వాడి పారేయవలసినవే. అందుకే బిల్లు పెరుగుతుంది. ఐదు, తరువాత ఏమి ఉంటుంది? మొదటి రెండు వారాలలో గొంతులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉన్నది, మెడలో గడ్డలకు వేరే కోత పడవచ్చును, కొందరికి రేడియేషన్ కూడా తప్పదు. “కోత లేదు, నొప్పి లేదు” అనే మాట ఒక్కటే వినవద్దు.

ఎక్కడికి పోవాలి? ఫ్యాక్టరీలలో పని చేసేవారికి, వారి కుటుంబాలకు ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. కోఠి ఆసుపత్రికి ఉప్పల్ నుండి అంబర్‌పేట మీదుగా సిటీ బస్సు ఉన్నది. మెట్రోలో పోతే అమీర్‌పేటలో మారి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగాలి. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉన్నది. ఆరోగ్యశ్రీ పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచినారు. అయితే మీకు చెప్పిన చికిత్స అందులో ఉన్నదా, పైన మీరు కట్టవలసింది ఎంత అనేది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకొక చిన్న సంగతి. దూల్హాభాయ్ పోయిన కొన్నాళ్లకు మా గొంతే బొంగురు పోయింది. నలభై మంది పిల్లల మీద అరిచే గొంతు గదా అని ఊరుకోబోయినాము. ఆపా ఊరుకోలేదు. మూడో వారం నిండక ముందే మమ్మల్ని తోలుకొని కోఠికి వచ్చింది, తానే చిట్టీ రాయించింది. గొట్టం వేసి చూసినారు. గొంతు తీగల మీద రెండు చిన్న కాయలు, టీచర్లకు, పాటగాళ్లకు వచ్చేవేనట. ఆపరేషన్ లేదు. కొన్నాళ్లు మెల్లగా మాట్లాడడం, నీళ్లు ఎక్కువ తాగడం, గొంతు వాడే పద్ధతి నేర్పే తరగతులు. అంతే. తొందరగా పోతే చాలా జబ్బులకు రోబో అవసరమే రాదు, అవసరమైన వారికి అది పనికి వస్తుంది. ఆలస్యంగా పోతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఏమీ చేయలేదు. మేము తెలుసుకున్నది ఇదే.

చివరగా కార్యవర్గం ముందు మూడు మనవులు. మొదటిది, మన సహాయనిధి నియమం ప్రకారం ఆపరేషన్ అయిన తరువాత బిల్లు, డిశ్చార్జి కాగితం తెస్తేనే డబ్బు ఇస్తున్నాము. దీనివల్ల మన డబ్బు జబ్బు చివరి దశకే పోతున్నది. దూల్హాభాయ్ మొదటి నెలలో పరీక్షకు పోకపోవడానికి ఒక కారణం ఒకనాటి కూలి పోతుందనే బెంగ. కనుక మొదటి పరీక్షకు, స్కానింగుకు, ముక్క పరీక్షకు, ఆటో ఖర్చుకు ఇద్దరు సభ్యుల సంతకంతో వారం లోపల డబ్బు ఇచ్చేటట్లు నియమం మార్చాలి. రెండవది, ఆసుపత్రికి తోడు పోయేవారి పేర్లు బస్తీవారీగా వ్రాసి పెట్టాలి. చదువు రాని ముసలివారు ఓ.పి. వరుసలో నిలబడి, ఏ గదికి పోవాలో తెలియక తిరిగి వచ్చేస్తున్నారు. ఆ జాబితాలో మొదటి పేరు మాది వ్రాసుకోండి. ఆదివారాలు కాక రెండవ శనివారాలు, బడి సెలవులన్నీ మేము సిద్ధం. మూడవది, మన సంఘం విందులలో, పెళ్లిళ్లలో జర్దా పాన్ పళ్లెం తిప్పడం మానాలి. సోంపు, యాలకులు పెడదాము. అతిథి మర్యాదకు ఏమీ లోటు రాదు.

ఆపా ఇవాళ అటువైపు కూర్చొని ఉన్నది. బోడుప్పల్ ప్లాటు అమ్మలేదు గాని, ఆ ప్లాటు ఉన్నందుకు సంతోషించే మనిషి లేడు. ఈ ప్రసంగం వ్రాసేటప్పుడు మీ దుఃఖం సభలో చెప్పమంటారా అని అడిగినాము. “చెప్పు. విన్నవాళ్లలో ఒక్కరు పోయి చూపించుకున్నా చాలు” అన్నది. ఆమె మాటనే మా మాటగా మీకు అందిస్తున్నాము.